దానం కాదు, బాకీ తీర్చండి

పొద్దున్న ఏడు కాకముందే కాశీబుగ్గ రోడ్ల మీద ఆడకూలీల వరస కనిపిస్తుంది. చేతిలో అన్నం క్యారేజీ, భుజాన పాత తువ్వాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో కొందరు, నడిచి కొందరు జీడి కార్ఖానాలకు పోతుంటారు. వాళ్ళ ముఖాలు చూడక్కర్లేదు, చేతులు చూస్తే చాలు, ఏం పని చేస్తారో తెలిసిపోతుంది. వేళ్ళ చివర్లు నల్లబారి ఉంటాయి. అరచేతి తోలు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. అన్నంలో కారం కలిపితే మంట. పసిపిల్లని ఎత్తుకోవాలన్నా చెయ్యి వెనక్కి తీస్తారు.

మొన్నీమధ్య సంఘం పని మీద మేము ఉద్దానంలో ఒక ఊరు వెళ్ళాం. ఊరి మొదట్లోనే నీళ్ళ ప్లాంటు గది ఉంది. గది మీద మనిషి ఎత్తు బోర్డు. సరుకులు పాకెట్లు కట్టి దేశమంతా అమ్మే ఒక కంపెనీ తన 'సామాజిక బాధ్యత' కింద దాన్ని కట్టించినట్టు రాసి ఉంది. గదికి తాళం. తాళానికి తుప్పు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మని అడిగాం.

"బోర్డు ఎట్టినారు బాబూ, పొటోలు తీసుకున్నారు, ఎల్పోనారు. ఆర్నెల్లు నీళ్ళొచ్చాయి. పిల్టరు పాడైతే మార్చేవోడు నేడు. బోర్డుకి మాత్రం ఏటీ అవనేదు, సూడు ఎలా మెరిసిపోతున్నాదో" అంది.

పక్కనే ఆమె కోడలు. పదేళ్ళుగా జీడి పనికి పోతోంది. చేతులు కొంగులో దాచుకుని ఒక్క మాట అంది. "ఊరికే ఇమ్మని మేం అడగనేదు బాబూ. కూలి సరిగ్గా ఇస్తే సాల్దేటి?"

ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక కంపెనీ పాడుపెట్టిన ఒక ఫిల్టరు గురించి కాదు మేము చెప్పబోయేది. ఆ కోడలు అడిగిన ప్రశ్న గురించి. కంపెనీల బాధ్యత అంటే ఏమిటి? లాభం మూట కట్టుకున్నాక అందులోంచి తీసి పెట్టే దానమా? లేక ఆ లాభం పుట్టకముందే కూలికీ, రైతుకీ, నేలకీ, నీటికీ తీర్చాల్సిన బాకీయా?

పిక్క నుంచి పాకెట్ దాకా

పట్నంలో జీడిపప్పు పాకెట్ కొనేవాళ్ళకి తెలియకపోవచ్చు గానీ మన పాఠకుల్లో చాలామందికి ఈ పని తెలుసు. అయినా ఒకసారి వరసగా చెప్పుకుందాం.

తోటలో రాలిన పిక్కల్ని ఏరి, ఎండబెట్టి, 80 కిలోల బస్తా లెక్కన రైతు అమ్ముతాడు. ఉద్దానం, మందస, వజ్రపుకొత్తూరు తోటల పిక్కలు పలాస కార్ఖానాలకు చాలవు. అందుకే ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుతాయి. కార్ఖానాలో పిక్కల్ని ఆవిరి మీద ఉడికిస్తారు, లేదా కాలుస్తారు. తర్వాత పెంకు కొయ్యాలి. ఆ పెంకులోనే ఉంది అసలు శత్రువు: జీడి రసం. అందులోని ఆమ్లాలు తోలుని తినేస్తాయి. కోసేవాళ్ళు చేతులకు నూనె రాసుకుంటారు, బూడిద పూసుకుంటారు. ఆ రసాన్నే తీసి శుద్ధి చేస్తే బ్రేకు లైనింగుల్లోకీ, రంగుల్లోకీ పోతుంది. అంటే మన చేతుల్ని కాల్చేది కూడా ఎవరికో సరుకే.

పెంకు తీసిన గుడ్లని వేడి గదిలో ఆరబెడతారు. ఆపైన ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని పొట్టు తీస్తారు. గుడ్డు విరక్కూడదు. విరిగితే బద్ద, మరీ విరిగితే నూక. రేటు పడిపోతుంది, మాట పడుతుంది. చివరికి గ్రేడింగు. డబ్ల్యూ 320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుడ్లు తూగే రకం. మంచి పిక్క అయితే 80 కిలోల బస్తాకి 20 కిలోల పైచిలుకు పప్పు వస్తుంది. ఆ ఇరవై కిలోల్లో ప్రతి గుడ్డూ కనీసం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ వేళ్ళ మధ్య నుంచి నడిచినదే.

ఆ తర్వాత పాకింగు. ఎగుమతికి పూర్వం 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు పట్టే రేకు డబ్బాలు వాడేవారు. గాలి తీసి, బొగ్గుపులుసు వాయువు నింపి మూత వేసేవారు. ఇప్పుడు గాలి తీసిన ప్లాస్టిక్ సంచులు, వాటి మీద అట్టపెట్టెలు వచ్చాయి. ఆ పెట్టెలు పట్నం చేరితే పెద్ద కంపెనీలు పప్పుని పావుకిలో, అరకిలో పాకెట్లు కట్టి తమ పేరు వేసుకుంటాయి. మెరిసే పొరల పాకెట్. దాని మీద బరువు ఉంటుంది, ధర ఉంటుంది, తేదీ ఉంటుంది, పోషకాల పట్టిక కూడా ఉంటుంది. పిక్క ఏ ఊరిదో, కోసిన చెయ్యి ఎవరిదో, ఆ చేతికి ఏం ముట్టిందో మాత్రం ఉండదు. పాకెట్ మీద లేని ఆ లెక్క తేల్చడమే మన పని.

రెండు శాతం కథ

కంపెనీల సామాజిక బాధ్యత ఈ దేశంలో ఇప్పుడు చట్టమే. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఉంది. అది 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆస్తుల నికర విలువ 500 కోట్లు గానీ, ఏడాది టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, అంతకుముందు మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సమాజానికి పనికొచ్చే పనులకు ఖర్చు పెట్టాలి. తన పని నడిచే చోటుకీ, దాని చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలి అని కూడా అందులో ఉంది. ఖర్చు పెట్టకుండా మిగిల్చిన సొమ్ముని చట్టంలో చెప్పిన నిధికి జమ చెయ్యాలి. ఏ పనులు చేపట్టారో కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలి.

చట్టంలోని మంచిని మనం కాదనక్కర్లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీ తన సొంత కార్మికులకు మాత్రమే మేలు చేసే పని ఈ రెండు శాతంలోకి రాదని నిబంధనలే చెబుతున్నాయి. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పని కూడా రాదు. సరుకు ప్రచారం కోసం పెట్టే ఖర్చూ రాదు. అంటే చేతి తొడుగులు పంచి, "మా సామాజిక బాధ్యత" అని బోర్డు రాయించుకుంటే కుదరదు. చేతి తొడుగు దానం కాదు, పనిముట్టు. పొగ గొట్టానికి జల్లెడ దానం కాదు, షరతు. ఈ తేడాని చట్టమే ఒప్పుకుంది. మన ఊళ్ళల్లో బోర్డులు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

లక్ష తీసుకుని రెండు వేలు

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఇది ఏ కంపెనీదీ కాదు, విషయం అర్థం కావడానికి వేసిన లెక్క.

ఒక పెద్ద కంపెనీ ఏడాదికి లక్ష కిలోల పప్పు కొంటుంది అనుకుందాం. "బజారు బాగులేదు, రేటు తగ్గించు" అని కార్ఖానా యజమాని మెడ మీద కూర్చుంటుంది. ఆయన తన జేబులోంచి తగ్గించడు. పొట్టు తీసే ఆడకూలికి కిలోకి ఒక్క రూపాయి కోస్తాడు. ఒక్క రూపాయే కదా! లక్ష కిలోల మీద లక్ష రూపాయలు. ఆ లక్షా పైకి పాకి కంపెనీ లాభంలో కలుస్తుంది. ఏడాది చివర కంపెనీ తన సామాజిక బాధ్యత లెక్క తీస్తుంది. లక్షకి రెండు శాతం, రెండు వేలు.

లక్ష మన దగ్గర తీసుకుని రెండు వేలు మనకే తిరిగి ఇస్తే దాన్ని ఏమంటారు? ఆ రెండు వేలకి కూడా ఒక బోర్డు, ఒక దండ, ఒక ఫొటో. మిగిలిన 98 వేల గురించి అడిగితే మనం అభివృద్ధికి అడ్డుపడేవాళ్ళం!

రైతు సంగతీ ఇంతే. 80 కిలోల బస్తాకి 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం జీడి రైతులు ధర్నాలు చేశారు. పిక్క సీజనులో ధర కూలదోసి, ఆఫ్రికా పిక్క చూపించి బెదిరించి, సీజను దాటాక పప్పు ధర పెంచుకునే బజారులో, బస్తాకి వెయ్యి తగ్గితే ఆ వెయ్యి ఎవరి లాభం ఖాతాలో చేరుతుందో చెప్పక్కర్లేదు. అందులోనూ రెండు శాతం అంటే ఇరవై రూపాయలు.

అందుకే మేము అనేది: బాధ్యతని లాభం తేలిన తర్వాత కొలవకూడదు. లాభం తేలకముందు కొలవాలి. కూలి చీటీ దగ్గర, కాటా దగ్గర, పొగ గొట్టం దగ్గర కొలవాలి.

చిన్న కార్ఖానా, పెద్ద నీడ

"మీరు చెప్పేది పెద్ద కంపెనీలకి. మావి చిన్న కార్ఖానాలు, మాకే గిట్టుబాటు లేదు" అంటారు పలాస యజమానులు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పలాస కార్ఖానాల్లో చాలావాటికి 5 కోట్ల లాభం రాదు. రెండు శాతం చట్టం వాటిని తాకదు. బ్యాంకు అప్పు తెచ్చి పిక్క కొని, పెద్ద కొనుగోలుదారు చెప్పిన రేటుకి పప్పు ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

కానీ ఫలితం ఏమైంది? చట్టం తాకే కంపెనీ పట్నంలో ఉంది, దానికి జీడి రసం అంటదు. జీడి రసం అంటే చోట చట్టం తాకదు. పాకెట్ మీద పేరున్నవాడిని అడిగితే "ఆ కూలీలు మావాళ్ళు కాదు, మేము పప్పు కొన్నాం అంతే" అంటాడు. కార్ఖానావాడిని అడిగితే "రేటు మా చేతుల్లో లేదు" అంటాడు. మధ్యలో మేస్త్రీని అడిగితే "నేనూ కూలివాణ్ణే" అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నట్టుంటారు. ఆడకూలి చెయ్యి మాత్రం కాలుతూనే ఉంటుంది.

పాలకులు ఈ సందుని మూయలేదు సరికదా, ఇంకా వెడల్పు చేశారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న కేంద్రం అమల్లోకి తెచ్చిన లేబర్ కోడుల్లో ఆ సంఖ్యని 20 చేశారు. కరెంటు లేకుండా నడిచేవాటికి 20 నుంచి 40 చేశారు. కాంట్రాక్టు కూలీల రక్షణ ఇంతకుముందు 20 మంది ఉన్న చోట వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉండాలి. పద్దెనిమిది మంది పనిచేసే జీడి షెడ్డు నిన్న ఫ్యాక్టరీ, ఇవాళ కాదు. షెడ్డు అదే, రసం అదే, మంట అదే. లెక్క ఒక్కటే మారింది.

అయినా మనం పట్టుకోవలసిన కొసలు ఆ కోడుల్లోనూ కొన్ని ఉన్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని ఉంది. కిలో లెక్కన పని చేసినా కనీస వేతనం కంటే తగ్గడానికి లేదు. పది మంది ఉంటే ఇ.ఎస్.ఐ. ఇవ్వాలి. నియామక పత్రం చేతిలో ఉన్న జీడి కూలీలు పలాసలో ఎంతమంది ఉన్నారో ఈ వ్యాసం చదివేవాళ్ళు తమ వీధిలోనే అడిగి చూడండి. పత్రం లేకపోతే మనిషే లేనట్టు. మనిషే లేకపోతే కాలిన చెయ్యి ఎవరిది?

పాకెట్ చించిన తర్వాత

ఇక పర్యావరణ బాధ్యత. పాకెట్ చించి పప్పు తినేశాక ఆ పాకెట్ ఎటు పోతుంది?

జీడిపప్పుకీ చిప్సుకీ వాడే మెరిసే పాకెట్లలో రకరకాల పొరలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి. ఆ పొరలు విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లు ఏరుకునేవాళ్ళు కూడా వాటిని ముట్టుకోరు. సీసా ఏరితే రూపాయి వస్తుంది, ఈ కవరుకి పైసా రాదు. అందుకే అవి కాలువలో చేరతాయి, కాలువలోంచి సముద్రానికి పోతాయి, సముద్రం తిరిగి మన ఇసుక మీద కక్కుతుంది. బారువ నుంచి భావనపాడు దాకా వల లాగే మత్స్యకారుల్ని అడగండి, చేపలతోపాటు ఏమేం వస్తున్నాయో చెబుతారు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు కూడా ఆ చెత్తలోంచే పాక్కుంటూ రావాలి.

దీనికీ చట్టం ఉంది. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్ని 2022 ఫిబ్రవరిలో సవరించి, ప్లాస్టిక్ పాకింగు తయారుచేసేవాళ్ళు, దిగుమతి చేసేవాళ్ళు, దాని మీద తమ పేరు వేసి సరుకు అమ్మేవాళ్ళు ఆ ప్లాస్టిక్‌ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత మొయ్యాలని లక్ష్యాలు పెట్టారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు వివరం కొనేవాళ్ళకి తెలిసేలా ఇవ్వాలి. ఇంట్లో ఉన్న పాకెట్లు తిప్పి చూడండి, కొన్నింటి మీద చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

మాట బాగుంది. కానీ కంపెనీ మన ఊరి కవరునే మన ఊళ్ళో ఏరాలని లేదు. ఎక్కడో ఒక చోట శుద్ధి చేసినవాడి దగ్గర సర్టిఫికెట్ కొనుక్కుంటే లెక్క సరిపోతుంది. ఇంకో రాష్ట్రంలో చెత్త కరిగితే వజ్రపుకొత్తూరు ఇసుక శుభ్రమైనట్టు కాగితం మీద తేలుతుంది. పైగా సొంత పేరుతో అమ్మే వ్యాపారి సూక్ష్మ, చిన్న పరిశ్రమ అయితే అతనికి ఈ బాధ్యత లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల పెట్టుబడి 25 కోట్లకు మించకుండా, ఏడాదికి 100 కోట్ల దాకా వ్యాపారం చేసేది 'చిన్న' పరిశ్రమే. వంద కోట్ల వ్యాపారి చిన్నవాడైతే, రోజు కూలికి పోయే మనల్ని ఏమనాలో?

కవరు తయారయ్యేది నూనె బావుల సరుకుతో. కానీ పాకింగు అంటే ఎప్పుడూ ప్లాస్టిక్కే కాదు. మన జిల్లా గోగు పండించిన జిల్లా. గోగునార గోనె సంచి అయ్యేది, గోనె సంచి మళ్ళీ మళ్ళీ వాడుకునేది, చివరికి మట్టిలో కలిసేది. ప్లాస్టిక్ సంచుల పోటీ నుంచి నార రైతునీ, మిల్లు కార్మికుణ్ణీ కాపాడడానికే 1987లో పార్లమెంటు నార సంచుల తప్పనిసరి వాడకం చట్టం చేసింది. పప్పుని గాలి తగలకుండా ఉంచడానికి గోనె పనికిరాదు, నిజమే. కానీ బయటి మూటకీ, పిక్క బస్తాకీ పనికొస్తుంది. పర్యావరణం మీద ప్రేమ ఉన్న కంపెనీ ముందు గోగు రైతు దగ్గరికి రావాలి, ఫొటోగ్రాఫరు దగ్గరికి కాదు.

విశాఖలో ఆ రాత్రి

పాకింగు బాధ్యత అంటే చెత్త కవర్లే కదా అని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటే, వాళ్ళకి విశాఖ సంగతి గుర్తుచెయ్యాలి. ప్లాస్టిక్ కప్పులూ, సామాన్ల చుట్టూ పెట్టే తెల్లటి అట్టలూ తయారయ్యేది పాలిస్టిరీన్‌తో. ఆ సరుకు చేసే ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉండేది. 2020 మే 7 తెల్లవారుజామున ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా బయటికి వచ్చి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసింది. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇళ్ళ ముందు, మురుగు కాలవల పక్కన మనుషులు కుప్పకూలిన దృశ్యాలు దేశమంతా చూసింది.

ఆ కమిటీ ఇంకేం చెప్పింది? ప్రమాద హెచ్చరిక మోగించే మీటలు కర్మాగారంలో ఉన్నాయి, కానీ సైరన్ మోగలేదు. అంతకు ఏడాది ముందే, 2019లో, తన దగ్గర చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అయినా కర్మాగారం నడిచింది, నడవనిచ్చారు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఆ రాత్రి వెంకటాపురం జనానికి కావలసింది స్కూలు బ్యాగులు కాదు, కుట్టు మిషన్లు కాదు. మోగే సైరన్ ఒకటి. చల్లగా ఉండే ట్యాంకు ఒకటి. అనుమతి లేకపోతే గేటు మూయించే అధికారి ఒకడు. బాధ్యత అంటే అదీ. దానికి బోర్డు ఉండదు, ఫొటో ఉండదు. అది సరిగ్గా ఉంటే అసలు కనిపించదు. లేనప్పుడే శవాల రూపంలో కనిపిస్తుంది.

ఉద్దానం నీళ్ళు ఎవరి బాధ్యత?

మళ్ళీ ఆ తాళం వేసిన గది దగ్గరికి వద్దాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పొలం పని చేసుకునే మనుషులు నడివయసులోనే డయాలిసిస్ మంచం ఎక్కుతున్నారు. ఎన్ని పరిశోధనలు జరిగినా ఈ జబ్బుకి ఒక్కటే కారణం అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. కాబట్టి జీడి కార్ఖానా వల్లే వస్తోందనో, ఫలానా కంపెనీ వల్లే వస్తోందనో మేము అనం. ఆధారం లేని మాట మన పోరాటానికే చేటు.

కానీ శుద్ధమైన నీళ్ళు ఇవ్వాల్సింది ఎవరు అన్న ప్రశ్నకి పరిశోధన అక్కర్లేదు. అది ప్రభుత్వం పని. ఏళ్ళ తరబడి జనం అడగ్గా అడగ్గా హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకం కట్టారు. 2023 డిసెంబరు 14న ఆ పథకంతోపాటు పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఇవి ఏ కంపెనీ దయవల్లా రాలేదు. జనం పన్నులతో, జనం ఒత్తిడితో వచ్చాయి. ఆసుపత్రిలో డాక్టర్లూ మందులూ ఎప్పుడూ ఉండేలా, ప్రతి కుళాయికీ నీరు అందేలా చూసుకోవడం కూడా ఆ ఒత్తిడితోనే జరగాలి.

కంపెనీ ఫిల్టరు పెడతానంటే వద్దనాలా? వద్దనక్కర్లేదు. కానీ గ్రామసభలో కూర్చుని మాట్లాడాలి. ఎన్నేళ్ళు నడుపుతారు, ఫిల్టరు ఎవరు మారుస్తారు, వదిలేసే మురికి నీరు ఎక్కడ పోస్తారు అన్నది కాగితం మీద పెట్టించాలి. ఆ ఫిల్టరు చూపించి "మేము ఇంత చేశాం, మీరు నోరు మూసుకోండి" అనడానికి మాత్రం వీల్లేదని ముందే చెప్పాలి.

ఎందుకంటే మన తీరం ఈ నోరు మూయించడం చూసింది. సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. టెక్కలి పక్కన కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న మళ్ళీ కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఇప్పుడు మూలపేటలో పోర్టు పని 2023లో మొదలైంది. పోర్టు వెంట గోదాములు వస్తాయి, పాకింగు షెడ్లు వస్తాయి, వాటి వెంట బోర్డులూ వస్తాయి. బోర్డులు రాకముందే మన షరతులు సిద్ధంగా ఉండాలి.

ఏం అడగాలి?

మేము సంఘం సమావేశాల్లో కూలీలతో, చిన్న రైతులతో మాట్లాడి తేల్చుకున్న కోర్కెలు ఇవి.

మొదటిది, జీడి కార్ఖానాల్లో పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం, కూలి చీటీ. కిలో రేటు ఎంతో గోడ మీద తెలుగులో రాయాలి.

రెండోది, చేతి తొడుగులు, నూనె, సబ్బు, గాలి ఆడే షెడ్డు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. ఇవి దానాల జాబితాలో కాదు, ఖర్చుల జాబితాలో ఉండాలి.

మూడోది, తన పేరుతో జీడిపప్పు పాకెట్ అమ్మే ప్రతి పెద్ద కంపెనీ తాను పప్పు కొనే కార్ఖానాల పేర్లు బయటపెట్టాలి. అక్కడి కూలి తక్కువైతే ఆ బాకీలో దానికీ భాగం ఉండాలి. రెండు శాతం ఖర్చులో 'స్థానిక ప్రాంతం' అంటే ఆఫీసు ఉన్న వీధే కాదు, పిక్క పండిన ఊరు కూడా అని ప్రభుత్వం నిబంధన మార్చాలి.

నాలుగోది, పాకెట్ కవర్లను తీర మండలాల్లోనే సేకరించాలి. ఏరే మనిషికి కిలో లెక్కన కంపెనీలే డబ్బు ఇవ్వాలి. కవరుకి ధర ఉంటే అది ఇసుకలో పడి ఉండదు.

ఐదోది, కార్ఖానా పొగ, బూడిద, పెంకుల కుప్పల మీద కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ కాగితాలు పంచాయతీలో అందరికీ కనబడేలా పెట్టాలి. పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మనమే అడగాలి. పది రూపాయల దరఖాస్తు చాలు.

ఆరోది, జీడి పిక్కకి గిట్టుబాటు ధర. రైతుకి ధర లేకపోతే కూలికి పని లేదు. ఇద్దరినీ విడదీసే మాటలు నమ్మొద్దు.

ఇవి పెద్ద కోర్కెలా? 1940 మార్చిలో ఇదే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొన్ని రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో అడవి కట్టెల మీద హక్కు అడిగిన రైతుల మీద కాల్పులు జరిగితే గుడారి రాజమణిపురంలో నిండు గర్భిణి వీర గున్నమ్మ ప్రాణం విడిచింది. పండక్కి పంచె పంచి, అడవికి మాత్రం అడ్డం నిలబడడం జమీందారీల రివాజు. గున్నమ్మ పంచె అడగలేదు. హక్కు అడిగింది.

మేము ఆ ఊరు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ కోడలు మాతో బస్సు దాకా వచ్చింది. మరుసటి ఆదివారం కాశీబుగ్గలో జీడి కూలీల సమావేశం ఉందని చెప్పాం. "నానొక్కద్దాన్నే రాను, మా వరసలో పదిమంది ఉన్నాం, అందర్నీ తెస్తాను" అంది. తెచ్చింది కూడా. పదిమంది కాదు, పదిహేడు మంది. పదిహేడు మందీ చేతులు ఎత్తి తీర్మానం ఒప్పుకున్నారు. ఆ చేతుల్ని చూసినవాళ్ళెవరికీ బాధ్యత అంటే ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు.